బోర్డు పాడవలేదు, నాలుగు సార్లు మినుక్కుమంది: ఒక రోబో కారు కేసు

నడుస్తున్న బండి ఉన్నట్టుండి ఆగి మళ్లీ మొదటినుంచి మొదలయ్యే (రీసెట్ అయ్యే) కేసు ఇది, బోర్డు మార్చినా పోలేదు. చివరికి పాతదీ కొత్తదీ, రెండు బోర్డుల్లోనూ ఏ లోపమూ లేదని తేలింది. ఇలాంటివి నా దగ్గరికి చాలా వస్తాయి, అన్నీ రాయను. దీన్ని రాయడానికి కారణం, ఇందులో ఆ అబ్బాయి చేసిన తప్పుల కన్నా నేను చేసిన తప్పే చదివేవాళ్లకి ఎక్కువ పనికొస్తుందనిపించడం. పేరు, కాలేజీ, ప్రాజెక్టు టైటిల్ తీసేశాను, గుర్తుపట్టేలా ఉన్న ఒకటి రెండు వివరాలు మార్చాను. కొలతలు మాత్రం నా నోట్‌బుక్‌లో రాసుకున్నవే.

నేను మామూలు రోజుల్లో బోర్డులు టెస్ట్ చేసే ఉద్యోగంలో ఉంటాను. శని ఆదివారాలు దిల్‌సుఖ్‌నగర్ వైపు మా మేడమీది గదిలో కూర్చుని, ఇంజినీరింగ్ పిల్లలు తెచ్చే రోబోలు చూస్తుంటాను. ఫీజేమీ లేదు, వచ్చేటప్పుడు సమోసాలు తెస్తే చాలు.

ఏం తెచ్చాడు

మూడో సంవత్సరం అబ్బాయి, ముగ్గురి టీమ్. డెమోకి ఇంకా 16 రోజులుంది. షూ డబ్బాలో పెట్టుకొచ్చాడు బండిని. బండికి మెదడు లాంటి ఆర్డుయినో ఊనో క్లోన్ బోర్డు, దాని మాట విని మోటార్లకి కరెంటు ఇచ్చే ఎల్298ఎన్ మోటార్ డ్రైవర్, నాలుగు పసుపు బీవో మోటార్లు (ఒక్కో పక్క రెండేసి, డ్రైవర్‌లో ఒకే ఛానెల్‌కి), ముందు అడ్డాల్ని పసిగట్టే అల్ట్రాసోనిక్ సెన్సర్, దాన్ని అటూ ఇటూ తిప్పే చిన్న సర్వో మోటార్, రెండు 18650 సైజు లిథియం సెల్స్. బ్యాటరీ నేరుగా డ్రైవర్‌కి వెళ్తుంది, డ్రైవర్ మీదున్న 5 వోల్టుల రెగ్యులేటర్ నుంచి ఊనోకి, సర్వోకి కరెంటు. కాలేజీల్లో నూటికి ఎనభై బళ్లు ఇలాగే ఉంటాయి, అందులో వింతేమీ లేదు.

"అన్నా, బోర్డు ఖరాబైంది. ఇంకోటి కొన్నా, అది గూడ గట్లనే చేస్తుంది. ముందుకు మంచిగనే పోతది, అడ్డం ఏమన్నా వస్తే ఎనక్కి రావాలె గదా, అప్పుడు ఆగిపోయి మళ్లా మొదటినుంచి షురూ చేస్తుంది."

ల్యాప్‌టాప్‌కి కేబుల్ పెట్టి, బండిని పుస్తకాల మీద ఎత్తిపెట్టి నడిపితే మాత్రం ఒక్కసారి కూడా ఆగదట. కేబుల్ తీసి నేలమీద వదిలితేనే గొడవ. వింటుంటే అదంతా కంప్లైంట్ లాగే ఉంది గానీ సగం జవాబు అప్పుడే ఆ మాటల్లో ఉంది. కేబుల్ ఉన్నప్పుడు బోర్డుకి యూఎస్‌బీ నుంచి కూడా 5 వోల్టులు అందుతాయి, పైగా చక్రాలు గాల్లో ఉంటే మోటార్లకి పనే ఉండదు. అంటే వీళ్లు పదిహేను రోజులుగా బండిని అసలు కష్టమే లేని చోట టెస్ట్ చేస్తూ, బాగుందని సర్టిఫికెట్ ఇచ్చుకుంటున్నారు.

అప్పటికే అతను చేసినవి చాలా ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాడు, బోర్డు యూఎస్‌బీ కోసం ల్యాప్‌టాప్‌లో వేసే సీహెచ్340 డ్రైవర్ మార్చాడు, కేబుల్ మార్చాడు, కోడ్‌లో అక్కడక్కడా డిలేలు పెట్టాడు, బోర్డు మార్చాడు. ఎవరో చెప్పారని 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ (కాస్త ఛార్జ్ దాచుకుని అవసరమైనప్పుడు ఇచ్చే పార్టు) ఒకటి బ్యాటరీ వైర్ల మధ్య పెట్టాడు, ఏమీ తేడా రాలేదు. ఈ కెపాసిటర్ సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

ముట్టుకోకముందు లెక్క

నేను మొదట చేసింది ఒక్కటే, దేన్నీ మార్చకుండా తప్పుని లెక్కపెట్టడం. రెండు సెకన్లు ముందుకి, వెంటనే రెండు సెకన్లు వెనక్కి, ఇదే పని ఇరవై సార్లు చేసే చిన్న ప్రోగ్రామ్ రాయించాను. మా గదిలో నాపరాయి నేలమీద వదిలాం. ఇరవైకి పద్నాలుగు సార్లు రీసెట్. అప్పుడప్పుడూ ఆగిపోతోందన్న మాటతో ఏమీ తేల్చలేం. ఇరవైకి పద్నాలుగు అంటే రేపు ఏం మార్చినా తగ్గిందో లేదో చెప్పొచ్చు.

ఇలాంటి రీసెట్‌కి సాధారణంగా అనుమానించేవి రెండు. ఒకటి, మోటార్ బ్రష్‌ల దగ్గర పుట్టే నాయిస్ వైర్లలోకి దూరి రీసెట్ పిన్‌ని కదిలించడం. రెండు, మోటార్లు ఒక్కసారిగా కరెంటు లాగడంతో బోర్డుకి వోల్టేజ్ పడిపోవడం. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, మందులు మాత్రం వేరు.

నేను బోల్తా పడింది ఇక్కడే

మల్టీమీటర్ బ్యాటరీ మీద పెట్టి బండి నడిపి చూశాను. 7.6 వోల్టులు చూపించింది, వెనక్కి తిరిగినప్పుడు 7.3, అంతే. వోల్టేజ్ బాగానే ఉంది, కాబట్టి నాయిస్ అయ్యుంటుందని తీర్మానించేశాను. ఆ చవక మీటర్ సెకనుకి రెండు మూడు సార్లు మాత్రమే అంకె మారుస్తుందని నాకు తెలుసు. సెకనులో పదో వంతు పాటు పడి లేచే వోల్టేజ్ దానికి కనపడదని కూడా తెలుసు. తెలిసీ నమ్మాను, శనివారం సాయంత్రం బద్ధకం అనుకోండి.

నాలుగు మోటార్లకీ, నాయిస్ తగ్గించడానికి, 104 అని రాసుండే చిన్న సెరామిక్ కెపాసిటర్లు సోల్డర్ చేశాం. ఆ పని జరుగుతుండగా ఛార్జ్ అవుతుందిలే అని సెల్స్ ఛార్జర్‌లో పెట్టాడు అతను. మళ్లీ ఇరవై సార్లు నడిపితే మూడే రీసెట్‌లు. పద్నాలుగు నుంచి మూడు! మిగిలిన ఆ మూడూ వైర్లు సరిచేస్తే పోతాయిలే అని ధైర్యం చెప్పి పంపాను.

మర్నాడు పొద్దున్నే ఫోన్. "అన్నా, మళ్లా గదే కత."

కారణం ఊహించే ఉంటారు. కెపాసిటర్లు పెట్టడం, సెల్స్ నిండుగా ఛార్జ్ కావడం ఒకేసారి జరిగాయి. సెల్స్ చేసిన మేలుని నేను కెపాసిటర్ల ఖాతాలో రాశాను. రాత్రికి ఛార్జ్ కాస్త దిగింది, లెక్క మళ్లీ ఇరవైకి పదమూడు. ఆ 104లు మోటార్లకి మంచివే, అందుకే తీయలేదు, కానీ ఈ జబ్బుకి అవి మందు కాదు.

ఇక్కడ ఒక స్నేహితుడి సలహా కూడా వచ్చింది. ఎల్298ఎన్ పాతకాలపు డ్రైవర్ కదా, అది తీసేసి టీబీ6612 అనే కొత్తరకం డ్రైవర్ పెట్టమని. విషయం నిజమే. ఎల్298లో లోపలివి బైపోలార్ ట్రాన్సిస్టర్లు, ఒక ఆంపు దగ్గరే రెండు వోల్టుల దాకా అదే మింగేస్తుంది. టీబీ6612లో మాస్‌ఫెట్లనే వేరే రకం ట్రాన్సిస్టర్లు, అంత మింగదు. కానీ నేను వద్దన్నాను. వోల్టేజ్ పడిపోవడమే జబ్బయితే, తక్కువ మింగే డ్రైవర్ పెడితే మోటార్లు ఇంకా ఎక్కువ కరెంటు లాగుతాయి, బ్యాటరీ ఇంకా కిందికి పోతుంది. పైగా ఒక్కో ఛానెల్‌కి రెండు మోటార్లు వేస్తే దాని 1.2 ఆంపుల పరిమితి దాటే అవకాశముంది. జబ్బేంటో తెలియకుండా మంచి పార్టు పెట్టినా కేసు ఇంకాస్త ముదరడం తప్ప లాభముండదు.

నాలుగు మినుకులు

ఈసారి ఊహలు వద్దనుకున్నాను. ఎందుకు రీసెట్ అయ్యిందో చిప్‌నే అడగొచ్చు. ఊనోలో ఉండే ఏటీమెగా328పీ చిప్‌లో ఎంసీయూఎస్ఆర్ అనే రిజిస్టర్ (చిన్న అంకె దాచుకునే చోటు) ఉంటుంది. కరెంటు ఇచ్చినందుకు మొదలైతే అందులో 1, రీసెట్ పిన్ వల్లయితే 2, వోల్టేజ్ పడిపోవడం వల్లయితే 4, ప్రోగ్రామ్ ఇరుక్కుపోతే రీసెట్ చేసే వాచ్‌డాగ్ టైమర్ వల్లయితే 8 కనిపిస్తుంది. నాయిస్ అనుమానం నిజమైతే 2 రావాలి, వోల్టేజ్ అనుమానం నిజమైతే 4 రావాలి. ఏది వచ్చినా ఒక అనుమానం కొట్టేయొచ్చు, అందుకే ఈ దారి నచ్చింది.

చదివి చూస్తే సున్నా వచ్చింది.

రెండు నిమిషాలు తల గోక్కున్నాక గుర్తొచ్చింది. ఊనోలో మన ప్రోగ్రామ్ కన్నా ముందు, యూఎస్‌బీ నుంచి కోడ్ ఎక్కించుకునే బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రామ్ నడుస్తుంది, అది ఈ రిజిస్టర్‌ని చదివేసుకుని తుడిచేసి, ఆ తర్వాతే మనకి అప్పగిస్తుంది. కాబట్టి బూట్‌లోడర్ లేకుండా ప్రోగ్రామ్ ఎక్కించాలి. అతను అనవసరంగా కొన్న రెండో బోర్డు ఇక్కడ పనికొచ్చింది. దాంట్లో ఆర్డుయినో ఐఎస్‌పీ (ఒక బోర్డుతో ఇంకో బోర్డులోకి నేరుగా కోడ్ ఎక్కించే) ప్రోగ్రామ్ వేసి, రీసెట్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టి (లేకపోతే ఎక్కించేటప్పుడు అదే రీసెట్ అయిపోతుంది), దాన్నే ప్రోగ్రామర్‌గా వాడి మొదటి బోర్డులోకి కోడ్ పంపాం. ఇలా చేస్తే బూట్‌లోడర్ చెరిగిపోతుంది. యూఎస్‌బీ నుంచి ఎప్పటిలా కోడ్ వేయాలంటే తర్వాత మళ్లీ బర్న్ చేసుకోవాలి, అందులో భయపడాల్సిందేమీ లేదు.

ఇంకో చిక్కుంది. కేబుల్ పెడితే తప్పు రాదు, కేబుల్ తీస్తే సీరియల్ మానిటర్ ఉండదు. అందుకని 13వ పిన్ మీదున్న ఎల్ఈడీనే వాడుకున్నాం. మొదలవగానే రిజిస్టర్ చదివి, ఆ అంకె ఎంతో అన్నిసార్లు మినుక్కుమని, రిజిస్టర్‌ని సున్నా చేసి, ఆ తర్వాతే బండి కదలాలి. సున్నా చేయడం మర్చిపోతే పాత కారణం కూడా అందులోనే మిగిలిపోయి అంకెలు కలిసిపోతాయి.

నేలమీద వదిలాం. మొదట ఒక్కసారి మినుక్కుమంది, స్విచ్ వేశాం కాబట్టి అది సరే. ముందుకెళ్లింది, వెనక్కి తిరగబోయింది, ఆగింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మళ్లీ అదే, నాలుగు. పదమూడు రీసెట్‌లకి పదమూడు సార్లూ నాలుగే.

వోల్టేజ్ ఎంత కిందికి పోతే చిప్ రీసెట్ కావాలో, ఆ గీత ఈ బోర్డులో 2.7 వోల్టుల దగ్గర సెట్ అయ్యుంటుంది. 5 వోల్టులుండాల్సిన చోట 2.7 కన్నా కిందికి పోతోందన్నమాట. ఇంకోటి కూడా అర్థమైంది. 16 మెగాహెర్ట్జ్‌లో నడిచే ఈ చిప్‌కి డేటాషీట్ ప్రకారం దాదాపు 3.8 వోల్టులైనా ఉండాలి. 2.7కీ 3.8కీ మధ్య అది రీసెట్ కాదు, అలాగని సరిగ్గా పనిచేస్తుందన్న హామీ కూడా లేదు. అప్పుడప్పుడు బండి కారణం లేకుండా ఎడమకి తిరుగుతోందని వాళ్లు కోడ్‌లో వారం రోజులు వెతికారు, అది బహుశా ఈ మధ్య మెట్టు మీద జరిగిన పనే.

మీటర్‌కి అందేలా మెల్లగా చేయడం

వోల్టేజ్ పడిపోతోంది, సరే. ఎక్కడ పడిపోతోంది? ఆసిలోస్కోప్ ఉంటే ఒక్క నిమిషం పని. రాయదుర్గంలో టీ-వర్క్స్ లాంటి చోట్ల ఉంటాయి, మా ఆఫీసులోనూ ఉంది. కానీ ఈ పిల్లలు రేపు ఇంకో బండి కట్టినప్పుడు వీళ్ల దగ్గర ఉండేది అదే చవక మీటర్. అందుకని వేగమైన మీటర్ కోసం వెతక్కుండా, జరిగే దాన్నే మెల్లగా జరిగేలా చేశాం. చక్రాలు నాలుగూ చేతులతో గట్టిగా పట్టుకుని, రెండు సెకన్లు ముందుకి కరెంటు ఇవ్వడం, అంతే. ఆగిన మోటార్ ఎంత కరెంటు లాగాలో అంతా లాగుతుంది, అంకె నిలబడుతుంది. రెండు సెకన్లు దాటొద్దు, మోటార్లు, డ్రైవర్ కాలుతాయి.

ఖాళీగా ఉన్నప్పుడు సెల్స్ రెండూ కలిపి 8.1. చక్రాలు పట్టుకున్నప్పుడు డ్రైవర్ స్క్రూ టెర్మినల్ దగ్గర 5.9. ఎర్ర ప్రోబు, నల్ల ప్రోబు ఒక్కో ముక్కకి అటూ ఇటూ పెట్టుకుంటూ వెళ్లాం. సెల్స్ లోపలే 1.3 వోల్టులు పోతోంది, స్ప్రింగులున్న ప్లాస్టిక్ హోల్డర్ దగ్గర 0.4, స్విచ్, జంపర్ వైర్లు కలిపి 0.5. మొత్తం 2.2, లెక్క సరిపోయింది. ఇలా సరిపోతే ఒక ధైర్యం వస్తుంది, ఎక్కడా దొంగ మిగల్లేదని.

లాగిన కరెంటు సుమారు 2.2 ఆంపులు. ఒక్కో మోటార్ నిరోధం 6.5 ఓమ్‌లు, దాంతో లెక్కేసినా అంతే వస్తుంది. అంటే బ్యాటరీ నుంచి డ్రైవర్ దాకా ఉన్న దారి నిరోధం దాదాపు ఒక ఓమ్. ఒక ఓమ్ అంటే వినడానికి ఏముందిలే అనిపిస్తుంది, మోటార్ల బండిలో అది గొంతు మీద కాలు.

సెల్స్ చేతిలోకి తీసుకుని చూశాను. మీద 9900 ఎంఏహెచ్ అని ముద్ర. 18650 సైజులో మంచి కంపెనీ సెల్ అయినా మామూలుగా 3500, 3600 దగ్గరే ఉంటుంది. 9900 అని ఉంటే అది ఎంత పనికిరానిదో దాని మీద అదే రాసుకున్నట్టు. జంపర్ వైర్‌కి అయస్కాంతం పెడితే అతుక్కుంది, లోపల రాగి కాదు, రాగి పూత పూసిన ఇనుము.

కానీ ఒక ప్రశ్న మిగిలింది, దాన్ని అడిగింది అతనే. "మరి చక్రాలు పట్టుకున్నప్పుడు రీసెట్ కాలే గదా అన్నా?" మంచి ప్రశ్న. టెర్మినల్ దగ్గర 5.9 ఉంటే, డ్రైవర్ మీది రెగ్యులేటర్‌కి తనకంటూ రెండు వోల్టులు కావాలి కాబట్టి, బోర్డుకి దాదాపు 3.9 అందుతుంది. రీసెట్ కాదు. వెనక్కి తిరిగినప్పుడు సంగతి వేరు. తిరుగుతున్న మోటార్ తానే ఒక చిన్న జనరేటర్, బ్యాటరీకి ఎదురుగా నాలుగు వోల్టులకి పైగా పుట్టిస్తుంటుంది, అందుకే పరుగులో కరెంటు తక్కువ లాగుతుంది. ఉన్నట్టుండి దిశ మార్చామా, నిన్నటిదాకా ఎదురు తన్నిన ఆ వోల్టేజ్ ఇప్పుడు బ్యాటరీ పక్షాన చేరిపోతుంది. కాగితం మీద లెక్కేశాం. కరెంటు 3.7 ఆంపుల దగ్గరికి, టెర్మినల్ 4.4కి, బోర్డు 2.4కి. 2.7 గీత కింద! ముందుకి వెళ్తే సరిగా ఉండి, వెనక్కి తిరిగితేనే ఎందుకు చస్తోందో అప్పుడు తేలింది.

ఆ 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఎందుకు పనికిరాలేదో కూడా ఇదే కాగితం చెప్పింది. మూడున్నర ఆంపులు దాన్లోంచి లాగితే మిల్లీసెకనుకి మూడున్నర వోల్టులు ఖాళీ అవుతుంది. మనకి కావాల్సింది వంద మిల్లీసెకన్లు. బిందెడు నీళ్లతో కాలవ నింపడం లాంటిది.

కోఠీ ట్రిప్పు, కొత్త తలనొప్పి

మెట్రోలో ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్ దగ్గర దిగి, గుజరాతీ గల్లీకి నడిచి వెళ్లాం. ఒక మాట చెప్పాలి, అక్కడ షాపులో "18650 ఇవ్వండి" అంటే మొదట ఏది చేతికొస్తే అది ఇస్తారు. ఎంత కరెంటు ఇస్తుందో అడిగితే లోపలినుంచి వేరేవి తీస్తారు. 2500 ఎంఏహెచ్ అని రాసున్న, ఎక్కువ కరెంటు ఇవ్వగల సెల్స్ రెండు, రేకు క్లిప్పులున్న హోల్డర్, ఎల్ఎం2596 బక్ మాడ్యూల్ (బ్యాటరీ వోల్టేజ్‌ని కావాల్సినంతకి తగ్గించి ఇచ్చేది), 1ఎన్5822 షాట్‌కీ డయోడ్ (కరెంటుని ఒకే వైపు పోనిచ్చేది), 2200 మైక్రోఫారడ్ కెపాసిటర్ తీసుకున్నాం. వైరు మాత్రం మామూలు ఎలక్ట్రికల్ షాపులో, 0.75 స్క్వేర్ ఎంఎం ఫ్లెక్సిబుల్.

ఈసారి ఒక్కొక్కటే మార్చాం. ముందు సెల్స్, హోల్డర్, వైర్లు మాత్రమే, అవి మూడూ ఒకే దారిలో ఉన్నవి కాబట్టి వాటిని ఒక్కటిగా లెక్కపెట్టాను. వంద రివర్స్‌లు, రీసెట్‌లు సున్నా. అబ్బాయి మొహం వెలిగిపోయింది. నేను అలవాటు కొద్దీ డ్రైవర్ హీట్‌సింక్ మీద వేలు పెట్టాను, చురుక్కుమంది.

ఆలోచిస్తే అది కూడా న్యాయమే. ఇంతకాలం ఆ దిక్కుమాలిన సెల్సే కరెంటుని ఆపుతూ డ్రైవర్‌ని కాపాడాయి. దారి బాగుపడగానే రివర్స్‌లో ఐదు ఆంపుల పైన వెళ్తోంది, ఛానెల్‌కి రెండున్నర దాటి. ఎల్298 పరిమితి ఛానెల్‌కి రెండు. ఇలాగే పంపితే డెమో రోజుకి బోర్డు బతికి డ్రైవర్ చచ్చేది, నా పేరు చెప్పుకునేవాళ్లు.

కాబట్టి కోడ్‌లో రెండు మార్పులు. దిశ మార్చే ముందు 150 మిల్లీసెకన్లు బ్రేక్, ఆ తర్వాత వేగం సున్నా నుంచి మెల్లగా పెంచడం. బ్రేక్‌కి బదులు కరెంటు తీసేసి దానంతటదే ఆగనివ్వొచ్చు, కానీ బ్రేక్ పెడితే మోటార్ పుట్టించిన కరెంటు డ్రైవర్‌లోనే తిరిగి ఖర్చవుతుంది, బ్యాటరీని ముట్టుకోదు, బండి కూడా త్వరగా ఆగుతుంది. అందుకే బ్రేక్.

మెల్లగా పెంచమంటే కుడి, ఎడమ రెండు పక్కలా వేగం అస్సలు మాట వినలేదు. ముందు డ్రైవర్ మీద ఈఎన్ఏ, ఈఎన్‌బీ జంపర్లు (ఉంటే మోటార్లు ఎప్పుడూ ఫుల్ స్పీడే) తీయలేదేమో అనుకున్నాం, తీసే ఉన్నాయి. కోడ్ మళ్లీ మళ్లీ చదివాం. అరగంట పోయాక వైర్లు చూస్తే, వేగం పిన్నులు 9, 10 మీద ఉన్నాయి. సర్వో లైబ్రరీ ఊనోలో ఒక టైమర్‌ని తన కోసం తీసేసుకుంటుంది, ఆ టైమర్ మీద నడిచేవి ఈ 9, 10 పిన్నులే. సర్వో అటాచ్ అయిందంటే వాటి మీద పీడబ్ల్యూఎం (కరెంటుని వేగంగా ఆన్ ఆఫ్ చేస్తూ వేగం తగ్గించే పద్ధతి) ఉండదు. ఇంతకాలం మోటార్లు ఫుల్ స్పీడ్‌లోనే నడిచాయి కాబట్టి ఎవరికీ తెలియలేదు. 5, 6 పిన్నులకి మార్చాం, దారికొచ్చింది. హీట్‌సింక్ మీద ఇప్పుడు వేలు నిలుస్తోంది.

ఇక బక్, డయోడ్ ఎందుకు, రీసెట్ పోయింది కదా అని అడిగాడు. సెల్స్ పాతబడతాయి, ఛార్జ్ దిగుతుంది, డెమో రోజు ఎవరో పాత సెల్స్ వేస్తారు. బ్యాటరీ నుంచి డయోడ్, డయోడ్ తర్వాత 2200 కెపాసిటర్, అక్కడినుంచి బక్, బక్ నుంచి ఊనో. డయోడ్ ఉంది కాబట్టి ఆ కెపాసిటర్‌లోని ఛార్జ్ మోటార్ల వైపు వెనక్కి పోలేదు, చిప్ లాగే యాభై అరవై మిల్లీ ఆంపులకి మాత్రమే ఖర్చవుతుంది. వంద మిల్లీసెకన్లలో రెండున్నర వోల్టులు తగ్గుతుంది, అంతే. అతను మొదట్లో పెట్టినదీ కెపాసిటరే, పెట్టిన చోటే తప్పు. సర్వోని మాత్రం డ్రైవర్ రెగ్యులేటర్ మీదే వదిలేశాను, దాని కుదుపులు ఊనో వైపు రాకుండా. గ్రౌండ్‌లన్నీ డ్రైవర్ స్క్రూ దగ్గర ఒకే చోట కలిపాం.

బక్ మాడ్యూల్ విషయంలో ఒక హెచ్చరిక. కొన్నప్పుడు అది ఎన్ని వోల్టులకి సెట్ అయ్యుందో దేవుడికే తెలియాలి. ఊనోకి కలపకముందే మీటర్ పెట్టి స్క్రూ తిప్పి 5కి తెచ్చుకోండి. పది పదిహేను చుట్లు తిప్పేదాకా అంకె కదలకపోవచ్చు, పాడైందనుకోకండి. ఇంతకుముందు ఒకమ్మాయి ఇది చూసుకోక, కలిపిన క్షణంలోనే బోర్డు పొగ చేసుకుంది.

ఏది ఏం చేసిందో విడదీయడం

మొదటి శనివారం అనుభవం గుర్తుంది కాబట్టి, అంతా అయ్యాక వెనక్కి విప్పుకుంటూ వచ్చాం. కోడ్‌లో బ్రేక్, మెల్లగా పెంచడం తీసేసి, ఆ 9900 సెల్సే పాత హోల్డర్, పాత వైర్లతో మళ్లీ వేసి, బక్, డయోడ్ మాత్రం ఉంచితే వందకి 3 రీసెట్‌లు, అవి కూడా సెల్స్ 7.2కి దిగాక. అదే పాత సెల్స్‌కి కోడ్ మార్పులు కలిపితే సున్నా. కొత్త సెల్స్‌ని కావాలని 7.0 దాకా దించి నడిపాం, సున్నా. ఈ పనికి ఒక పూట మొత్తం పోయింది, మధ్యలో కరెంటు కూడా పోయి చెమటలు కారుకుంటూ కూర్చున్నాం, కానీ ఏ ముక్క ఎంత పనిచేస్తోందో ఇప్పుడు అతనికి అంకెల్లో తెలుసు. వైవాలో అడిగితే చెప్పగలడు.

ఈ కేసు తర్వాత నేను మార్చుకున్నవి కొన్నున్నాయి. ఎవరు బండి తెచ్చినా మొదట కేబుల్ తీయించి, నేలమీద, సగం దిగిన బ్యాటరీతో నడిపిస్తాను. తప్పుని అంకెగా రాసుకోకుండా స్క్రూడ్రైవర్ పట్టుకోను. సెల్స్ వోల్టేజ్ ప్రతి టెస్ట్ పక్కన రాస్తాను, ఎందుకంటే అది నేను మార్చకపోయినా తనంతట తానే మారే విషయం, నన్ను ముంచింది అదే. ఆ మినుకుల కోడ్ ఇప్పుడు నా దగ్గరికొచ్చే ప్రతి ఊనోలోనూ వేయిస్తున్నాను, పదిహేను లైన్లు కూడా ఉండదు.

డెమో రోజు మధ్యాహ్నం ఫోన్ చేశాడు, వెనక గోలగోలగా ఉంది. "అన్నా, మళ్లా రీసెట్ అయితుంది!"

"ఎన్నిసార్లు మినుక్కుమంటోంది?"

కాసేపు ఆగి, "రెండు."

రెండంటే వోల్టేజ్ కాదు, రీసెట్ పిన్. పైన కొత్తగా ఏమన్నా పెట్టారా అని అడిగాను. పొద్దున అందంగా ఉంటుందని, కాలేజీ పేరు రాసిన అక్రిలిక్ షీట్ ఒకటి బండిపైన బిగించారట. తీసి చూడమన్నాను. షీట్ స్క్రూ ఒకటి సరిగ్గా రీసెట్ బటన్ మీద కూర్చుంది, బండి కుదిపినప్పుడల్లా నొక్కుతోంది. స్క్రూ పీకేసి, ఆ మూల టేపు వేసి నడిపారు.